చిల్లు పూడ్చిన జెండా

చిల్లును చిల్లుగా వదిలేయడం కూడా ఒక పనేనని మృదులకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన ఒకే ఒక్క మనిషి చెప్పకుండా ఊరుకున్నాడు. ఆయన పేరు చక్రధర్. పెద్దమనిషే. మనకు వచ్చే తిప్పలన్నీ పెద్దమనుషులతోనే కదా.

చక్రధర్‌ది గుంటూరు. డల్లాస్‌లో తొమ్మిదేళ్లు గ్రీన్‌కార్డు క్యూలో నిలబడి, విసుగెత్తి, కెనడా వచ్చి బర్నబీలో ఇల్లు కొన్నాడు. ఉద్యోగం సాఫ్ట్‌వేర్. అది ఎక్కువగా ఇంట్లోంచే. పక్కన ఇంకో ఆదాయం ఉండాలని భార్య శకుంతల పేరు మీద కింగ్స్‌వే రోడ్డు పక్క సందులో ఒక చిన్న షాపు తీసుకున్నాడు. పొడుగు బట్టలు పొట్టి చేయడం, వదులువి బిగించడం, ఉతికి ఇస్త్రీ చేయడం, చిరిగినవి కుట్టడం. ఆ షాపును ఆయన ఫోన్లోంచే నడిపేవాడు. మీటింగును మ్యూట్‌లో పెట్టి కస్టమర్లతో మాట్లాడేవాడు, కస్టమర్లను హోల్డ్‌లో పెట్టి మీటింగులో 'యా, యా' అనేవాడు. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడు మునుగుతాడని పెద్దలు అన్నారు గానీ, చక్రధర్ మునగలేదు. మునిగేది పడవలో ఉన్నవాళ్లు.

పడవలో ఉన్నది మృదుల ఒక్కతే. సిరిసిల్ల పిల్ల. రెండేళ్ల కిందట, వాంకూవర్ విమానం ఎక్కితే సగం సీట్లలో మన పిల్లలే కనిపించిన రోజుల్లో వచ్చింది. ఏడాది డిప్లొమా చదివింది. కాలేజీ అంటే ఒక ఫర్నిచర్ షాపు పైన మూడు గదులు. చదువయ్యాక ఏడాది వర్క్ పర్మిట్ చేతికొచ్చింది. అది నవంబరు పదిహేనుతో ఆఖరు. ఈలోగా ఏడాది అనుభవం ఉందని ఎంప్లాయర్ లెటర్ ఇస్తే పీఆర్‌కు, అంటే ఇక్కడే స్థిరపడే హక్కుకు, అప్లై చేయవచ్చు, ఇవ్వకపోతే పెట్టె సర్దుకోవచ్చు. అందులోనూ ఒక మెలిక ఉంది. కుట్టుపని చేసిందని రాస్తే చెల్లదు, సూపర్‌వైజర్ అని రాయాలి. 'దానిదేముందమ్మా, రాసిద్దాం' అన్నాడు చక్రధర్ మొదటిరోజే. ఆ ఒక్క మాట పట్టుకుని మృదుల పదకొండు నెలలుగా ఒక కుట్టుమిషన్‌నూ, ఒక ఇస్త్రీపెట్టెనూ సూపర్‌వైజ్ చేస్తోంది. లెటర్ గురించి ఎప్పుడడిగినా ఆయనకు ఆఫీసులో ఆ వారమే సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉండేది.

ఆ అక్టోబరు మొదటి సోమవారం ఆమె షాపు తెరిచేసరికి కౌంటర్ మీద ఒక గుడ్డసంచి ఉంది. ఆదివారం చక్రధరే వచ్చి ఎవరి దగ్గరో తీసుకున్నాడు. సంచికి గుచ్చిన చీటీ మీద ఆయన చేతిరాత. 'జెండా. క్లీన్. రిపేర్. ఇరవయ్యో తారీకు.' అంతే. ఇంకొక్క ముక్క రాస్తే చెయ్యి అరిగిపోయేది కాబోలు.

విప్పి చూస్తే మూడు పట్టీల జెండా. ముందు మన జెండానే అనుకుంది. తర్వాత చూస్తే పైన కాషాయం కాదు, ఎరుపు. మధ్యలో తెలుపు, కింద ఆకుపచ్చ. పాత నూలుగుడ్డ, మూడు పట్టీలూ చేత్తో కలిపి కుట్టినవి. ఎరుపు ఇటుకరంగుకు దిగింది, తెలుపు పాలమీగడ రంగుకు తిరిగింది. నడిమధ్యన, మన జెండాలో అయితే చక్రం ఉండే చోట, సాసరంత చిల్లు. పైన ఎరుపునూ కింద ఆకుపచ్చనూ కూడా కొంచెం కొరుక్కుతింది. అంచంతా పళ్లుపళ్లుగా, పోగులు వేలాడుతూ ఉంది. ఎలుక కొట్టినట్టుంది, పాపం, అనుకుంది మృదుల.

జెండాలు ఆమెకు కొత్త కాదు. సిరిసిల్లలో ఎలక్షన్లంటే జెండాల పండగ. ఒకే గదిలో ఈ మూల ఒక పార్టీ, ఆ మూల ఇంకో పార్టీ కుప్పలుగా పడి ఉండేవి. పొద్దున ఒకరి జెండా కుట్టిన చెయ్యే మధ్యాహ్నం ఇంకొకరిది కుట్టేది. ఎవరు గెలిచినా ఊరికి కుట్టుకూలి గెలిచేది. అమ్మ గుడ్డ చెకింగ్ బల్ల దగ్గర కూర్చునేది. మగ్గం మీద తప్పిన పోగుల్ని వెతికి సూదితో సరిచేయడం ఆమె పని. కరీంనగర్ ముసలాయన ఒకాయన దగ్గర రఫూ నేర్చుకుని, కూతురికీ నేర్పింది. కుట్టినచోటు కుట్టినట్టు తెలియకుండా గుడ్డలో గుడ్డను నేసేయడమే రఫూ. 'వెలుగుకు అడ్డం పట్టి చూడు బిడ్డా. కనబడితే అతుకు, కనబడకపోతే రఫూ' అనేది.

ఏడో తరగతిలో ఒకసారి పంద్రాగస్టు పొద్దున బడి జెండా విప్పితే ఎలుక కొట్టి ఉంది. చిరిగిన జెండా ఎగరేస్తే దేశాన్ని అవమానించినట్టని హెడ్మాస్టరు కంగారుపడ్డారు. మృదులను పిలిచారు. కలెక్టరాఫీసు నుంచి ఎవరో వచ్చేలోపు, బెంచీ మీద కూర్చుని, గంటలో ఆ చిల్లు మాయం చేసింది. హెడ్మాస్టరు ఆమె నెత్తిమీద చెయ్యి పెట్టారు. బతుకులో ఆమెకు దొరికిన పెద్ద సత్కారం అదే.

అందుకని ఈ జెండాను చూడగానే ఆమెకు జాలి, దాంతోపాటు ఉత్సాహం వచ్చాయి. ఎందుకైనా మంచిదని ఫోన్లో వెతికింది. ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ. హంగరీ. యూరప్‌లో ఎక్కడో ఉంది. ఫోన్లో జెండా నున్నగా మూడు పట్టీలు, మధ్యలో ఏమీ లేదు. చక్రమూ లేదు, సింహమూ లేదు. ఇంకేం, ఉండకూడని చిల్లేనని తేలిపోయింది. చక్రధర్‌కు మెసేజ్ కూడా పెట్టింది, 'చిల్లు పెద్దగ ఉంది అంకుల్, రఫూ చేయనా?' అని. బొటనవేలు పైకెత్తిన బొమ్మ వచ్చింది. ఆయన ఆ మెసేజ్ చదివాడో లేదో ఆ బొటనవేలికే తెలియాలి.

కర్ర దూర్చడానికి జెండా ఒక పక్కన గుడ్డ మడిచి కుట్టి ఉంటుంది కదా, ఆ మడత లోపలి పొర విప్పింది. మూడు రంగులూ అక్కడ ఎండ తగలక కొత్తగా ఉన్నాయి. అందులోంచి సాసరంత ముక్క తీసింది. పాత రంగుకు దిగేదాకా టీ డికాషన్‌లో నానబెట్టింది. చిల్లు అంచు ఎగుడుదిగుడుగా ఉంటే ముక్క కుదరదు గనుక, ఆ పళ్లుపళ్ల అంచును పదునైన కత్తెరతో గుండ్రంగా, శుభ్రంగా కత్తిరించి చెత్తబుట్టలో వేసింది. తర్వాత పోగు పోగూ లెక్కన పడుగులో పేకలో కలిపి నేస్తూ పది రోజులు కూర్చుంది. కస్టమర్లు లేనప్పుడు, లంచ్ టైములో, షాపు కట్టేశాక గంటసేపు. పక్కన రేడియోలో రోజూ ఒకటే పాట. ఇళ్లు దొరకడం లేదు, స్టూడెంట్లు ఎక్కువైపోయారు, వీళ్లను తగ్గించాలి. మృదుల అది వింటూ ఇంకొకరి దేశం జెండా బాగుచేసింది. అయిపోయాక కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుగుకు అడ్డం పట్టింది. ఏమీ కనబడలేదు. ఫొటో తీసి అమ్మకు పంపింది. 'యాడుండె చిల్లు?' అని అమ్మ అడిగింది. ఆ రోజంతా మృదుల నేల మీద నడవలేదు.

శుక్రవారం, ఇరవయ్యో తారీకు మధ్యాహ్నం, ఒక ముసలాయన వచ్చాడు. ఎనభై ఆరేళ్లుంటాయి. చేతికర్ర, తెల్లమీసం, కోటు మీద మూడు రంగుల రిబ్బను పువ్వు. పేరు ఎండ్రే అని చెప్పాడు. జెండా కోసం వచ్చానన్నాడు. మృదుల దాన్ని కౌంటర్ మీద ఒక్క విసురుతో పరిచి, పెళ్లిపీటల మీద కూతుర్ని కూర్చోబెట్టిన తల్లిలా చూసింది.

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. జెండా మధ్యలో అరచెయ్యి ఆనించి, అటూ ఇటూ తడిమి, మళ్లీ తడిమి, వెనక్కి నడిచి కుర్చీలో కూర్చున్నాడు.

"ఎక్కడుంది?" అన్నాడు ఇంగ్లిషులో.

"కనబడదు సర్," అంది మృదుల సంతోషంగా.

అప్పుడు చెప్పాడు. నెమ్మదిగా, ఆ పిల్లకు అర్థం కావాలని చిన్న చిన్న మాటల్లో చెప్పాడు. ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ వాళ్లవే, నూటడెబ్బై ఏళ్లుగా వాళ్లవే. పెద్దయుద్ధం తర్వాత రష్యా చెప్పుచేతల్లో ఉన్నవాళ్లు గద్దెనెక్కి, జెండా నడిమధ్యన ఒక ముద్ర వేశారు. సుత్తి, గోధుమకంకి, పైన ఎర్రనక్షత్రం. యాభైఆరు అక్టోబరు ఇరవైమూడున జనం రోడ్డు మీదికొచ్చారు. కొత్త జెండాలు ఎవరి దగ్గరున్నాయి? ఉన్నవాటిలోంచే ఆ ముద్రను కోసిపారేశారు. ఊరూరా, కిటికీ కిటికీకీ నడుమ చిల్లున్న జెండాలు. ఆ చిల్లే వాళ్ల జెండా.

"దీన్ని కోసింది మా అక్క మార్తా. వంటింటి కత్తెర. మొద్దు కత్తెర. చేతులు వణుకుతున్నాయి. అందుకే అంచు అలా ఉండేది, పళ్లలాగా. రెండు వారాలకు రష్యా ట్యాంకులు వచ్చాయి. రొట్టె తెస్తానని వెళ్లింది, రాలేదు. నేను అడవుల చదువు చదువుతున్నాను. మా స్కూలు స్కూలంతా, మాస్టర్లతో సహా సరిహద్దు దాటాం. ఇది నా చొక్కా లోపల పొట్టకు చుట్టుకున్నాను. ఇక్కడ రైలు దిగితే జనం దుప్పట్లు పట్టుకుని నిలబడ్డారు. పాట పాడారు. స్టూడెంట్లు వచ్చారని పాడారు." ఆయన మళ్లీ జెండా వంక చూశాడు. "అక్కది నా దగ్గర ఫొటో లేదు. ఆ అంచే ఉంది."

పళ్లలాంటి ఆ అంచును తానే గుండ్రంగా కత్తిరించానని మృదుల చెప్పింది.

"ఆ కత్తిరించిన ముక్కలు?" అన్నాడాయన.

ఆమె చెత్తబుట్ట వంక చూసింది. మంగళవారం ఖాళీ అయింది. అంతకుముందు మంగళవారమూ ఖాళీ అయింది. తల అడ్డంగా ఊపింది.

"సోమవారం మా హంగరీ వాళ్ల హాలులో అద్దాల పెట్టెలో పెట్టాలి. నాకు వయసైపోతోందని ఇస్తున్నాను. ఉతికి, జెండా చుట్టూ అంచు గట్టిచేయమన్నాను. చిల్లు ముట్టుకోవద్దని మీ యజమానికి చెప్పాను. నీకు చెప్పలేదా?"

మృదుల ఫోన్ చేసింది. "అంకుల్, మీరు జల్ది రాండ్రి. జెండా ఆయన కూసున్నడు. చిల్లు ముట్టుకోవద్దని చెప్పిండట."

'వస్తున్నా, ఏం మాట్లాడకు' అన్నాడు చక్రధర్. పావుగంటలో దిగాడు. చెవిలో బ్లూటూత్, భుజాన ల్యాప్‌టాప్ బ్యాగు, ముఖం నిండా నవ్వు. 'సారీ సర్, వెరీ సారీ సర్' అంటూ ముసలాయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. ఆ నవ్వు అలాగే ఉంచి, మృదుల పక్కకు వచ్చి నిలబడి, తెలుగులోకి దిగాడు.

"నవ్వుతూ విను, ఆయన చూస్తున్నాడు. చిల్లు ముట్టుకోవద్దని నేను నీకు చెప్పాను, నువ్వు మర్చిపోయావు. అంతే. వాళ్ల హాలు డాన్స్ డ్రెస్సుల ఆర్డరంతా ఈయన చేతిలోనే ఉంది."

"మీరు నాకు చెప్పలే కద అంకుల్."

"చెప్పలేదని నాకు తెలుసు, నీకు తెలుసు. ఆయనకెందుకమ్మా? చూడు, నీ లెటర్ ప్రింట్ తీసే తెచ్చాను. ఈ బ్యాగులోనే ఉంది. సంతకమే తరువాయి. నవంబరు పదిహేను ఎంత దూరముంది?" మెత్తగా అన్నాడు. ఆయనెప్పుడూ గొంతు పెంచలేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

మృదులకు ఒళ్లు మండింది. ఈ మనిషి ముఖం మీదే 'అబద్ధం' అని అరవాలనిపించింది. అనిపించినవన్నీ చేయగలిగితే ఆమె ఇక్కడెందుకుంటుంది? తను అద్దెకుండే బేస్‌మెంట్‌లో తనతో ఉండే నలుగురిలో ఇద్దరు లెటర్లు దొరక్క పోయిన నెలలోనే వెళ్లిపోయారు. వాళ్ల పరుపులు ఇంకా గోడకు ఆనించే ఉన్నాయి. ఆమె బ్యాగు వంక చూసింది, జిప్పు దగ్గర తెల్ల కాగితం కొన కనిపిస్తోంది.

ముసలాయన ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. మళ్లీ అడిగాడు, ఆమెనే. "నీకు చెప్పలేదా?"

"చెప్పారు," అంది మృదుల. "నేనే మర్చిపోయాను. తప్పు నాదే."

చక్రధర్ బాధగా తల ఊపాడు. "ఈ మధ్య పిల్లలు అలాగే ఉన్నారు సర్. ట్రెయినింగ్ ఇస్తాం, ఏం లాభం."

ముసలాయన కోటు జేబులోంచి ఫోన్ తీశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు వెతికి, కౌంటర్ మీద పెట్టి వాళ్లవైపు తిప్పాడు. ఆయన పంపిన ఈమెయిల్. 'మధ్యలో చిల్లు దయచేసి ముట్టుకోవద్దు. ఆ చిల్లే జెండా. కుట్టేవారికి ఈ ఉత్తరం చూపించండి.' దాని కింద చక్రధర్ జవాబు. 'నోటెడ్ సర్.'

చక్రధర్ ముఖంలో నవ్వు పోలేదు గానీ, తేలు కుట్టిన దొంగలా బ్లూటూత్ సర్దుకున్నాడు.

"మీ భాష నాకు రాదు," అన్నాడు ముసలాయన మృదులతో. "ఆ గొంతు మాత్రం వచ్చు. ఒకడు పక్కన నిలబడి మెత్తగా చెబుతాడు. రెండోవాడు 'తప్పు నాదే' అంటాడు. మా నాన్నను ఒక ఆఫీసుకు పిలిచి అలాగే అనిపించారు. ఆయన చేయని పనికి సంతకం పెట్టించారు. ఆ కాగితం మీద కూడా ఆ సుత్తీ కంకీ ముద్రే. అక్క కత్తెర తీసుకుంది అందుకే." కర్ర అందుకుని లేచాడు. "ఈయన చెప్పలేదని నాకు ముందే తెలుసు. నిన్ను ఎందుకడిగానంటే, నువ్వు చెబుతావేమోనని."

అప్పుడైనా చెప్పవచ్చు. ఈమెయిల్ ఎదురుగా ఉంది, చక్రధర్‌కు దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు. మృదుల కళ్లు మాత్రం బ్యాగు మీదికే పోయాయి. ఆయన అది కూడా చూశాడు.

"మీ జెండా సర్," అంది చివరికి, మడవబోతూ.

"నాది కాదమ్మా. నాదానికి చిల్లు ఉంది." గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. "పని మాత్రం గొప్పగా చేశావు. నా జన్మలో ఇంత మంచి పని చూడలేదు." ఆ మాటలో వెటకారం లేదు. ఉంటే ఆమె ఏడ్చేది కాదు.

చక్రధర్ తలుపు పట్టుకుని, 'నెక్స్ట్ టైమ్ డిస్కౌంట్ ఇస్తాం సర్' అని సందు మలుపుదాకా వినబడేట్టు చెప్పి లోపలికొచ్చాడు. కుర్చీలో కూలబడి, "ఈమెయిల్ సంగతి నాకసలు గుర్తే లేదమ్మా. రోజుకు ఎన్నొస్తాయి!" అన్నాడు. కోపం లేదు. నిజం చెప్పాలంటే కొంచెం సిగ్గుపడ్డాడు కూడా. ఆ సిగ్గు పోగొట్టుకోవడానికే కాబోలు, అడక్కుండానే బ్యాగు తెరిచి లెటర్ తీసి, సంతకం పెట్టి, తేదీ వేసి ఇచ్చాడు. "నేను మాట తప్పే మనిషిని కాదు."

పదకొండు నెలలు దానికోసమే ఎదురుచూసిన మృదుల నిలబడే చదివింది. నెట్‌లో దొరికిన లెటరే, పేరూ తేదీలూ మార్చాడు. షాపు సూపర్‌వైజర్‌గా పనిచేసింది. పని అప్పగించడం, నాణ్యత చూడడం, కస్టమర్లతో మాట్లాడడం. చివరి వాక్యం దగ్గర ఆగింది. 'ఈమె నిజాయితీపరురాలు, తన పొరపాట్లకు తానే బాధ్యత తీసుకుంటుంది.' ఇది పొద్దునే ప్రింట్ తీశాడు. ఈ గొడవ తెలియకముందే తీశాడు. ఆమె దాన్ని మడవకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కవర్‌ను సంచిలో పెట్టి, సంచి జిప్పు లాగింది.

చక్రధర్ ఈలోపు జెండాను ఎత్తి పట్టుకుని చూస్తున్నాడు. ముందు ఆశ్చర్యపోయాడు, తర్వాత హుషారొచ్చింది. "అబ్బ, నిజంగానే తెలియట్లేదు! సోమవారం వాళ్ల పండగ కదా, అందరూ ఈ సందులోంచే పోతారు. కిటికీలో కట్టెయ్. కింద బోర్డు పెడదాం, 'ఇందులో చిల్లు ఉండేది, ఎక్కడో కనుక్కోండి' అని. షాపు పేరు పెద్దక్షరాల్లో."

"ఆయన చూస్తడేమో అంకుల్."

"ఆయనే వదిలేసి వెళ్లాడు కదమ్మా."

తప్పు ఆమెది, పనితనం షాపుది. మృదుల స్టూలు ఎక్కింది. ఎదురు చెప్పే హక్కును అరగంట కిందటే వదులుకుంది, ఆ సంగతి ఆమెకూ తెలుసు. మూడు పట్టీల జెండాను కిటికీకి అడ్డంగా పట్టి, రెండు మూలల్లో కొక్కేలకు తగిలించింది. వారం రోజులుగా ముసురు పట్టి ఉన్న ఆకాశంలోంచి సరిగ్గా అప్పుడే ఎండ వచ్చింది. గుడ్డ అంతా వెలిగింది. పైన ఎరుపు, మధ్యలో తెలుపు, కింద ఆకుపచ్చ, ఎక్కడా మచ్చలేదు.

ఆమె వెతికింది. ఈసారి కనబడాలని వెతికింది. అమ్మ నేర్పినట్టు ఏటవాలుగా చూసింది, దగ్గరికి జరిగి చూసింది, వేళ్లతో తడిమింది, ముసలాయన చేసినట్టు అరచెయ్యి ఆనించి చూసింది. మొదటి పోగు ఎక్కడ దూర్చిందో ఆమెకే దొరకలేదు. ఒక్కటంటే ఒక్క పోగు దొరికినా గోటితో లాగేసేది.

"దొరికిందా?" అన్నాడు చక్రధర్ కిందనుంచి.

"లేదంకుల్."

"చూశావా మరి! పనంటే అదీ," అన్నాడాయన, బోర్డుకు టేపు అంటిస్తూ.